ముందుకు జరిగిన సీటు

"మళ్ళ చుక్కలు పడ్డయి" అన్నడు మా ఆయన.

చాయ్ గ్లాసు చేతిల పట్టుకొని కారు చుట్టు తిరుగుతుండు. పొద్దున చాయ్ తాగుకుంట అందరు పేపరు చదువుతరు, మా ఆయన కారును చదువుతడు. బానెట్ మీద వంగి, తల ఒక పక్కకు వాల్చి, వెలుతురుకు ఎదురుంగ చూసి, గోరుతోటి ఒక దగ్గర గీకి, నా దిక్కు చూసిండు. నడుము మీద చెయ్యి పెట్టుకొని బకెట్ పక్కన నిలబడ్డ మనిషి ఆయనకు కనపడలే, చుక్క కనపడ్డది. సగ్గుబియ్యం గింజంత తెల్ల చుక్క. పెండ్లిపిల్ల బుగ్గకు నల్ల చుక్క పెడితే దిష్టి పోతదంటరు. మా నల్ల కారు మీద తెల్ల చుక్క పడితే ఆ దిష్టంత నాకు తగుల్తది.

మేముండేది ఫిలింనగర్ల, గుట్ట మీదికి ఎక్కే సందుల. మా ఆయన పేరు తిరుమలేశ్. కారు మాదే. కారును, దాంతోపాటు ఆయనను ఒక సీరియల్ కంపెనీ కిరాయికి పెట్టుకున్నది. పొద్దున శ్రీనగర్ కాలనీకి పోయి సీరియల్ హీరోయిన్ సాయిసుధను ఎక్కించుకోవాలె, షూటింగ్ కాడ దించాలె, పని ఒడిసినంక మళ్ళ ఇంటికాడ దించాలె. కారు మెరుస్తుండాలె. మెరవకుంటె మేనేజర్ ఇంకో కారును చూసుకుంటడని ఆయన భయం. ఆయనకు ఉన్నది ఆ ఒక్క భయమే. నాకైతే లోకంల ఉన్న భయాలన్ని ఉన్నయి. కుక్కర్ కూత ఆలస్యమైతే గ్యాసు పేలుతదనుకుంట. బిడ్డ స్ఫూర్తి ఫోన్ ఎత్తకుంటె నా కండ్ల ముందు ఆస్పత్రి మంచం కనపడ్తది. పదో తరగతి కూడ దాటనిదాన్ని, నాకు తెలిసిన లోకం తక్కువ, అందుల ప్రమాదాలు మాత్రం ఎక్కువ.

చుక్కలు ఎందుకు పడ్తయో ఆయనకంటె నాకే బాగ తెలుసు. మా బోరు నీళ్ళల్ల ఉప్పు ఉన్నది. ఆ నీళ్ళు రేకు మీద ఎండినయంటే నీళ్ళు పోయి ఉప్పు మిగుల్తది, అదే చుక్క. ఎండనియ్యకుండ తుడవాలె. ముందుగాల పైపుతోటి దుమ్ము పోగొట్టాలె, పై నుంచి కిందికి సబ్బు రుద్దాలె, ఒక దిక్కు కడుగుతుంటె ఇంకో దిక్కు ఆరకుండ తడుపుకుంట ఉండాలె. కారుకు ఇద్దరు మనుషుల పని. ఒకసారి చుక్కలు పోతయని నిమ్మకాయతోటి రుద్దిన, అది కూడ అమావాస్యకు కారుకు కట్టిన దిష్టి నిమ్మకాయే. డిక్కీ మీద మెరుపు పోయి మబ్బు పట్టినట్టయింది. ఆ మబ్బును చూపించి మా ఆయన నన్ను తిట్టని పండుగ లేదు.

ఆఖరికి మందు కనిపెట్టింది నేనే. పైన వాటాల ఉండే ఇంటామె శకుంతలమ్మ ఏసీ పైపు నుంచి నీళ్ళు బొట్టుబొట్టు మా దిక్కు కారుతుంటయి. ఒకనాడు ఆ బొట్టు పడి ఆరిన స్టీలు గిన్నె మీద మరక లేదు. ఆనాటి నుంచి పైపు కింద క్యాను పెట్టి నింపుకొని, ఆఖరి నీళ్ళు అవి పోస్త. వాన నీళ్ళ లెక్క ఉంటయి, ఉప్పు ఉండదు. నెల తిరగకముందే, కార్లు ఆగే కాడ తోటి డ్రైవర్లకు మా ఆయన తన తెలివిగ చెప్పుకున్నడని ఒక డ్రైవర్ భార్య నాకే వచ్చి చెప్పింది. మీ ఆయన బుర్రే బుర్ర అని పొగిడింది. నేను అవునన్న.

ఎన్ని మంచి నీళ్ళు పోసినా ఒకటి మాత్రం నా చేతిల లేదు. ఎండ. మా గేటు ముందట పొద్దు పొడుస్తనే ఎండ పడ్తది. సబ్బు రుద్దుతుండంగనే ఆరిపోతది. ఎదురుంగ పెద్ద బంగ్లా ప్రహరి గోడ ఉన్నది. దాని కింద తొమ్మిది దాక నీడ. రాత్రి ఆ బంగ్లాకు వచ్చినోళ్ళ కార్లతోటి నిండిపోతది, పొద్దుగాలకు ఖాళీ అయితది. మన కారును నాలుగు మూరలు అవతలికి జరిపితే చాలు. పొద్దుగాల జరిపి మళ్ళ పండుకొమ్మని ఎన్నిసార్లో లేపి చూసిన. "నిద్ర ఖరాబ్ చేస్తున్నవ్. నిద్ర చాలక ఏడనన్న గుద్దితే నీదే పాపం" అన్నడు. గుద్దుడు అనే మాట వినపడితే నేను ఇగ లేపను. నన్ను ఆపాలంటే ఏ మాట వాడాల్నో ఆయనకు తెలుసు.

అట్ల కారు ఎండలనే ఉంటది. నేను ఎండతోటి పందెం పెట్టుకున్నట్టు ఉరుకుత. ఓడిపోయిన నాడు చుక్కలు.

కారుకు ఆయన రెండు మెత్తటి బట్టలు కొన్నడు, పసుపుపచ్చయి, కోడిపిల్ల ఈకల లెక్క ఉంటయి. వాటిని వేరే సబ్బుతోటి ఉతకాలె, వేరేగ ఆరేయాలె. నా వంటింట్ల మసిబట్ట ఆయన పాత లుంగీ ముక్క. నెలసరి రోజులల్ల కారు డోరు తియ్యొద్దు, లోపట దేవుని పటం ఉన్నది. బయట మాత్రం కడగొచ్చు. నా అంటు రేకుకు తాకదంట, సీటుకు తాకుతదంట. ముందు సీట్ల నేను ఎన్నడు కూసోలే. యాదగిరిగుట్టకు పోయినా స్ఫూర్తి, నేను వెనుకనే. ముందు సీట్ల నూనె తల ఆనిస్తె మరక పడ్తదని, ఆర్టిస్టులు ఎక్కే కారు అని అనేటోడు. ఇనుము మీద కుళ్ళుకునే ఆడది ఉంటదా అని మీరు నవ్వొచ్చు. నేను కుళ్ళుకున్న. ఆయన చెయ్యి ఆ డోరు మీద ఎంత మెల్లగ పడ్తదో రోజు చూసినోళ్ళకు తెలుస్తది.

లోపల తుడిచేది కూడ నేనే. ఎవరు ఎక్కిన్రో, ఏం తిన్నరో కారు నాకు చెప్తది. వెనుక సీటు కింద మల్లెమొగ్గ దొరుకుతది. పొడుగు వెంట్రుక దొరుకుతది. పెదవుల రంగు తుడిచిన కాయితం దొరుకుతది. అవన్ని సాయిసుధవి. సాయంత్రం టీవీల ఆ పిల్ల పెద్ద కోడలి వేషంల అత్త తిట్లు పడుకుంట ఏడుస్తుంటె నేను చపాతీ పీట ముందట కూసొని ఏడుస్త. పొద్దున ఆమె వెంట్రుకను సీటు మీదికెల్లి రెండు వేళ్ళతోటి తీసి, ఎంత నల్లగున్నదో, ఎంత పొడుగున్నదో అని వెలుగుకు పెట్టి చూస్త. ఒక్క మనిషి మీద జాలి, కుళ్ళు రెండు ఉంటయా అంటె ఉంటయి. స్ఫూర్తి ఒకనాడు చూసి, "అమ్మా, ఆమె సబ్బేందో కూడ కనుక్కుంటవా?" అని నవ్వింది. కనుక్కున్న అప్పటికే. సబ్బు కాదు, గంధం వాసన వచ్చే అత్తరు.

దసరా పోయినంక కారు నాకు కొత్త సంగతి చెప్పుడు మొదలుపెట్టింది. ఎడమ దిక్కు ముందు సీటు బాగ వెనుకకు జరిగి ఉన్నది. పొడుగు కాళ్ళోడు కూసున్నట్టు. ఎవరో మేనేజర్ ఎక్కిండేమోనని సీటు ముందుకు జరిపిన. మర్నాడు మళ్ళ వెనుకకు. ఆ డోరు అరల సోంపు పొట్లం దొరికింది, పొట్లం మూతి మా ఆయన మడిచినట్టే మడిచి ఉన్నది. సీటు మీద ఆయన తువ్వాల. అంటె పక్క సీట్ల కూసున్నది ఆయననే. మరి నడిపిందెవరు? ముందుగాల నా మనసు గుండెనొప్పికి పోయింది. ఛాతిల నొప్పి వచ్చి ఉంటది, ఎవరో ఆయనను ఆస్పత్రికి తీస్కపోయి ఉంటరు, నేను ఆగమైత అని చెప్తలేడు. ఆయన జేబుల మాత్రలు వెతికిన. అన్నంల నూనె తగ్గించిన. చప్పిడి కూర పెట్టినందుకు తిట్లు తిన్న.

మూడోసారి డ్రైవరు సీటు కింద ఒక మెత్త దొరికింది, చిన్న దిండు లెక్క. గులాబీ పూల గలీబు. ముక్కు దగ్గర పెట్టుకుంటె గంధం అత్తరు.

అప్పుడు గుండెనొప్పి నాకు వచ్చింది.

అదే వారం ఎడమ వెనుక డోరు మీద గీత పడ్డది, మూరెడు పొడుగు. నేను కడగడానికి వచ్చేసరికే ఉన్నది. మా ఆయన చాయ్ గ్లాసుతోటి వచ్చి, చూసి, ఆశ్చర్యపోయినట్టు ఆగి, "బకెట్ కొండి తాకించినవ్ గద" అన్నడు. తాకలేదన్న. "నీకు చూపు ఆననప్పుడు చెప్పాలె" అన్నడు. నా బకెట్ కొండి ప్లాస్టిక్‌ది. అయినా ఆ రాత్రి దాక నేనే తాకించిన్నేమో, యాది లేదేమో అని కొట్టుకున్న. ఇరవై ఏండ్ల నుంచి తప్పు నాదే అని వింటుంటె, చెయ్యని తప్పు కూడ చేసినట్టే యాదికొస్తది.

ఇక్కడొకటి చెప్పాలె, లేకపోతె నాది వట్టి ఆడదాని కుళ్ళు అనుకుంటరు. స్ఫూర్తికి చిన్నప్పటి నుంచి ఆయాసం. పదో తరగతిల ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం దమ్ము లేసింది. మందు గొట్టం పీలిస్తె తగ్గలే. పెదవులు నీలం పడ్డయి. మా ఆయన షూటింగోళ్ళ బస్సుల వేరే ఊరికి పోయిండు. కారు గేటు ముందటనే ఉన్నది, ఒక్క చుక్క లేకుండ మెరుసుకుంట. తాళంచెవి మేకుకు ఉన్నది. నేను ఆ తాళంచెవిని చూసిన, పిల్లను చూసిన, పిల్లను భుజాన వేసుకొని గుట్ట దిగి ఉరికిన. మా సందులకు ఆటోలు ఎక్కవు. నీళ్ళ క్యాన్లు వేసే ట్రాలీ ఆయన ఆపి, క్యాన్ల నడుమ కూసోబెట్టుకొని బంజారా హిల్స్‌ల ఆస్పత్రికి తెచ్చిండు. జర ఆలస్యమైతె కష్టమైతుండె అన్నది డాక్టరమ్మ. ఆ 'జర' నా చెవుల ఇప్పటికీ ఉన్నది.

ఆయన రాంగనే అడిగిన, నాకు కారు నేర్పు అని. "సైకిలే రానిదానివి. వెనుక హారన్ కొడితె బండి ఇడిసిపెట్టి ఉరుకుతవ్" అన్నడు. అప్పుడు మా అత్త ఉండె. "ఆడదాని చేతిల గంటె తిరగాలె. స్టీరింగ్ తిరిగితె ఇల్లు తిరగవడ్తది" అన్నది. తల్లి, కొడుకు నవ్విన్రు. వాళ్ళతోటి నేను కూడ నవ్విన. ఎందుకు నవ్విన్నో ఇప్పటికీ నాకు అర్థం కాదు. తర్వాత ఇంకా అడిగిన. ప్రతిసారి ఒకటే మాట, నీకు భయం. అవును, భయమే. ప్రతి చలికాలం ముందర కార్తీకం దీపం పెట్టుకుంట, ఈ ఏడు గడువని స్వామీ అని మొక్కుత. ఇప్పుడు మళ్ళ కార్తీకం వచ్చింది. పిల్లకు రాత్రుళ్ళు దగ్గు మొదలైంది.

ఆదివారం సాయంత్రం మా సందులకు కారు వచ్చింది, మా కారే. గని ఆయన తెచ్చినట్టు రాలే. మెల్లగ, గుంజుకుంట, ఒకసారి ఆగి, మళ్ళ లేసి, గేటు ముందటికి వచ్చి ఉలిక్కిపడ్డట్టు ఆగింది. డ్రైవరు దిక్కు డోరు తెరుచుకొని సాయిసుధ దిగింది. టీవీల ఉన్నంత పొడుగు లేదు, నా అంతనే ఉన్నది. చెప్పులు చేతిల పట్టుకొని ఉన్నది. ఎడమ దిక్కు నుంచి మా ఆయన దిగిండు, ముఖం నిండ నవ్వుతోటి. ఆ నవ్వు నేను మా పెండ్లి ఫోటోల చూసిన, మళ్ళ చూడలే.

"లైసెన్స్ వచ్చిందండీ" అన్నది ఆ పిల్ల, స్వీటు డబ్బా నా చేతిల పెట్టి. "మొదటి స్వీటు మా గురువుగారి ఇంట్లోనే అని పట్టుబట్టి వచ్చాను."

కూసోబెట్టి చాయ్ ఇచ్చిన. మంచి పిల్ల. స్ఫూర్తి చదువు అడిగింది, దగ్గు అడిగింది, నా చాయ్ బాగున్నదన్నది. నేను ఆమెల తప్పు వెతుకుతనే ఉన్న, దొరుకుతలేదు. దొరికితె నాకు ఎంత బాగుండు.

"మీ ఆయనకి ఎంత ఓపికండీ" అన్నది. "ఎన్నిసార్లు ఇంజను ఆపేసినా, ఏం కాదు మేడం, మళ్ళీ చేయండి అంటారు. మా సెల్లారులో స్తంభానికి డోరు గీసేశాను చూడండి, నేనే ఏడ్చేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. ఏం కాదు మేడం, ఏం కాదు అన్నారు."

మా ఆయనకు అప్పుడే టైరుల గాలి చూసే పని పడ్డది. గేటు బయటికి పోయి వంగిండు.

ఆమె, మా ఆయన గురించి నేను అనుమానించినయన్ని ఆ గడియల కొట్టుకపోయినయి. వాళ్ళ నడుమ ఏం లేదు, నాకు తెలిసిపోయింది. అయితె మంట తగ్గాలె గద. తగ్గలే, పెరిగింది. మనసు ఇచ్చి ఉంటె ఏడ్సి ఊరుకుందునేమో. ఆయన ఇచ్చింది ఓపిక. ఏం కాదు అన్న మాట. కుక్కర్ కూతకు, ఫోన్ మోతకు, పిల్ల దగ్గుకు ఉలిక్కిపడే నాతోటి పక్కన పండుకొని, ఇన్నేండ్లల్ల ఒక్కసారి ఏం కాదు కౌసల్యా అనలేదు. ఆ మాట ఆయన దగ్గర లేదనుకున్న. ఉన్నది. జాగ్రత్తగ, ఆ పసుపుపచ్చ బట్టల లెక్క వేరేగ దాచిపెట్టుకున్నడు. ఇంజను ఆగినందుకు ఆమెకు ఏం కాదు, స్తంభం గీసినందుకు ఏం కాదు. ఆ గీతకు నా ప్లాస్టిక్ బకెట్‌కు మాత్రం శిక్ష పడ్డది.

"అక్కా, మీకు ఎప్పుడో నేర్పేసి ఉంటారుగా?" అని అడిగింది సాయిసుధ.

నేను నోరు తెరువకముందే గేటు కాడికెల్లి జవాబు వచ్చింది. "ఆమెకు భయం మేడం."

ఆ పిల్ల నా దిక్కు చూసింది. నవ్వలేదు. "నాకూ భయమేనండీ" అన్నది మెల్లగ. ఆమె స్నేహితురాలు కారు తీసుకొని వస్తె అందుల వెళ్ళిపోయింది. పొయ్యేటప్పుడు మెత్త మర్చిపోయింది.

ఆమె పోయినంక నేను అడిగింది ఒక్కటే, ఆ గీత సంగతేంది అని. ఆయన చొక్కా విప్పుకుంట, "మేడం అడిగితె కాదంటమా, పని పోతది. చిన్న గీతకు పంచాయితీ ఏంది?" అన్నడు. చిన్న గీత అంట. నా బకెట్ తాకినప్పుడు అది చిన్నగ లేకుండె.

పొద్దుగాల లేచిన. పైపు పట్టిన, దుమ్ము పోగొట్టిన. రోజుటి లెక్క ఒక దిక్కు కడుగుకుంట పోలే. పైకప్పు నుంచి చక్రాల దాక, అద్దాలు తప్ప మొత్తం కారుకు ఒక్కసారే సబ్బు రుద్దిన. నురుగు కింద నలుపు కనపడకుండ చేసిన. ఏసీ నీళ్ళ క్యాను పక్కన పెట్టిన, మూత తియ్యలే. చేతులు కడుక్కొని, తుడుచుకొని, మేకుకు ఉన్న తాళంచెవి తీసుకొని డోరు తెరిచిన.

సీటు ముందుకు జరిగి ఉన్నది. గులాబీ మెత్త దాని మీదనే ఉన్నది. ఆయన పొడుగుకు ఆ సీటు ఎప్పుడూ వెనుకకే ఉంటది, అందుల కూసుంటె నా కాళ్ళు గాలిల ఊగుతయనుకున్న ఇన్నేండ్లు. చెప్పులు విడిచి కూసున్న. కాళ్ళు అందినయి. సాయిసుధ కాళ్ళకు అందినట్టే అందినయి. సీటు జరుగుతదన్న సంగతి నాకు తెలుసు, పక్క సీటును రోజు నేనే జరిపిన. ఈ సీటు నా కోసం జరుగుతదని ఎన్నడు తట్టలే. బండి దానంతటదే కదిలి గుట్ట దిగుతదని, గోడ కూలుతదని, గోడ అవతల ఎవరో ఉంటరని, అన్ని కనపడ్డయి. దిగలే.

చాయ్ గ్లాసుతోటి ఆయన వచ్చిండు. నురుగు చూసి ఆగిండు. ఎండ అప్పుడే శకుంతలమ్మ పిట్టగోడ దిగి బానెట్ మీదికి వస్తున్నది. స్ఫూర్తి గేటు పట్టుకొని నిలబడ్డది, స్వెట్టర్ల.

"ఏం చేస్తున్నవే అండ్ల? సబ్బు ఆరుతున్నది. చుక్కలు పట్టుకుంటె ఇగ పోవు" అన్నడు.

"అవును, ఆరుతున్నది. నీడలకు తీస్కపోవాలె" అన్న.

"దిగు, నేను పెడ్త."

"నువ్వు ఆ పక్కకెల్లి ఎక్కు. సీటు నీకు సరిపోయేటట్టు వెనుకకే ఉన్నది. నిన్న నేను ముందుకు జరుపలే."

ఆయన నన్ను చూసిండు, నురుగును చూసిండు, ఎండను చూసిండు. బానెట్ అంచుల బుడగలు ఒక్కొక్కటి పగులుతున్నయి. మేడం ఇంటికి పొయ్యే టైం అయితున్నది. ఆయనకున్న ఆ ఒక్క భయం ముఖంల కనపడ్డది. అది నాకు బాగ తెలిసిన ముఖమే, రోజు అద్దంల నేను చూసుకునేదే. మొదటిసారి ఆయన మీద జర జాలి కలిగింది. అయినా దిగలే. చాయ్ గ్లాసు గోడ మీద పెట్టి, చుట్టు తిరిగి వచ్చి ఎడమ దిక్కు ఎక్కి కూసున్నడు. డోరు వేసుకున్నడు. తర్వాత, నన్ను ఆపే మాటల్ల అన్నిటికంటె పాతది బయటికి తీసిండు.

"నీకు భయం గద, కౌసల్యా."

"ఉన్నది" అన్న. "అందుకే, ముందుగాల బ్రేకు ఏదో చెప్పు."